ఊగాల్సిన మోటారు

మంచిర్యాలలో రైలు పట్టాలకు అవతల, కూరగాయల బండ్లు నిలబడే సందు మలుపులో కుమారస్వామి ఇల్లు. వీధి వైపు గదే దుకాణం. దానికి బోర్డు లేదు. ఫ్యాను ఆగినా, మిక్సీ కాలినా, కూలరు మోటారు బిగుసుకుపోయినా చుట్టుపక్కల వాళ్లు ‘ఫిట్టర్ ఇల్లెక్కడ’ అని అడుగుతూ వస్తారు. ఉద్యోగమంతా బొగ్గు బాయిలో పంపుల ఫిట్టరుగా చేసి, రిటైరై, కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి వచ్చిన మనిషి. బాయి వదిలినా పేరు వదల్లేదు.

నవనీత ఆటోలోంచి ఆ పెట్టెను దింపించుకుని వచ్చిన రోజు అతనికి మనసు బాగా లేదు. అంతకు ముందు వారం ఒక మిక్సీ బాగు చేసి ఇస్తే, తీసుకెళ్లినామె మర్నాడే వాపసు తెచ్చింది. కీచుమంటోందని ఆమె, ఏమీ లేదని ఇతను. మిక్సీని మధ్యలో పెట్టుకుని ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఆమె దాన్ని చంకన పెట్టుకుని వేరే దుకాణానికి వెళ్లిపోయింది. వెళ్తూ తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య అనసూర్య మాత్రం ఊరుకోలేదు.

"నీ చెవులు బాయిలనే ఇడిసిపెట్టి వచ్చినవయ్యా. కంపెనోళ్లకు చెప్పి తెప్పిచ్చుకో," అంది.

ఇంకో మాటకైతే నవ్వేవాడు. దీనికి నవ్వలేకపోయాడు. ఫిట్టరు అన్న పేరు అతనికి చెవుల వల్లనే వచ్చింది. పనికి రాని వాళ్ల బదులు చేసే బదిలీ కార్మికుడిగా బాయిలో దిగిన కొత్తలో రాజయ్య అనే పెద్ద ఫిట్టరు చేతికింద పడ్డాడు. రాజయ్య ఏ మిషన్నీ ముందు విప్పేవాడు కాదు. సన్నటి ఇనుప చువ్వ తీసి, ఒక కొన నడుస్తున్న పంపు బేరింగు మీద, రెండో కొన తన చెవి వెనక ఎముక మీద ఆనించి కళ్లు మూసుకునేవాడు. పంపుహౌసు నిండా నీళ్ల హోరు. పక్కన నిలబడి అరిచినా మాట అందదు. ఆ హోరులోంచి చువ్వ ఒక్క బేరింగు చప్పుడునే ఏరి తెచ్చేది. ఇసుక నమిలినట్టుంటే గ్రీజు ఎండిందని, ఆగి ఆగి కొట్టుకుంటే లోపల గుండు పగిలిందని రాజయ్య చెప్పేవాడు. విప్పి చూస్తే అలాగే ఉండేది. రాజయ్య రిటైరయ్యాక ఆ పని కుమారస్వామికి వచ్చింది. పక్క బాయిల వాళ్లు కూడా పిలిపించుకునేవాళ్లు.

అందుకే మిక్సీ వెళ్లిపోయిన సాయంత్రం మనసులో ఒక మాట అనుకున్నాడు. ఈసారి వచ్చే చప్పుడు పనిని కూడా చెవి పట్టుకోలేకపోతే దుకాణం తలుపు ఇక తెరవకూడదు. ఈ మాట అనసూర్యకు కూడా చెప్పలేదు.

ఆ పని నవనీత తెచ్చింది.

నవనీత ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. పెట్టె ఆమె తండ్రి బుచ్చిరాములుది. ఆయనా బాయి మనిషే. బొగ్గు డబ్బాలను ఇనుప తాడుతో పైకి లాగే హాలేజీ ఇంజను నడిపేవాడు. ఎప్పుడో బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు సామాను అమ్ముకుంటుంటే ఆయన ఈ రికార్డు ప్లేయరును కొన్నాడు. కొన్నాళ్లు మోగి అటకెక్కింది. ఈ మధ్య నవనీత దాన్ని దింపి, దుమ్ము దులిపి, కొత్త సూది తెప్పించి వేసింది.

"పాటైతే వస్తుంది కాకా. కని పాట కింద ఎవరో లారీ చాలూ చేసి ఇడిసిపెట్టినట్టు గుర్ గుర్ అంటుంది," అంది.

కుమారస్వామి ప్లగ్గు పెట్టి, ఆమె తెచ్చిన పాత భజన రికార్డును పళ్లెం మీద వేసి, సూది దించాడు. పాట మొదలైంది. పాట కింద, నేల లోపలి నుంచి వచ్చినట్టు, ఎక్కడా తెగని గుర్రు.

"ఇనొస్తుంది," అన్నాడు. ముఖం విప్పారింది.

"ఇనొచ్చుడేంది కాకా, వాడకట్టు మొత్తం ఇనొస్తది," అంది నవనీత. ఇందులో ఇతను సంతోషపడేదేముందో ఆమెకు అర్థం కాలేదు.

ఇలాంటి మిషన్‌ను తను ఎప్పుడూ విప్పలేదని, జర టైం పడుతుందని ఒప్పుకుని పెట్టెను బల్ల మీదికి చేర్చాడు. ఆమె వెళ్లగానే వీధి తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

మూతలోనే స్పీకరు. కింద ఇనుప పలక. పలక మీద ఒక పక్క సూది చెయ్యి, మధ్యలో తిరిగే పళ్లెం. పళ్లేన్ని రెండు చేతులతో పైకి లేపితే ఊడి వచ్చింది. కింద గుట్టు కనబడింది. మోటారు పలకకు అడుగు వైపు బిగించి ఉంది. దాని ఇరుసు మాత్రం పలకలోంచి పైకి తేలింది. ఆ ఇరుసుకూ పళ్లెం అంచుకూ మధ్య రూపాయి బిళ్లంత మందాన ఒక రబ్బరు చక్రం. మోటారు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం పళ్లేన్ని తిప్పుతుంది. అంతే మిషను. ఇంత చిన్నదాంట్లో చప్పుడు దాక్కోవడానికి చోటెక్కడ ఉందా అని అతనికి ఆశ్చర్యం వేసింది.

ముందు రబ్బరు చక్రాన్ని అనుమానించాడు. ఏళ్ల తరబడి ఒకే చోట నొక్కుకుని ఉంటే రబ్బరు సొట్ట పడుతుంది. తీసి, వేళ్ల మధ్య తిప్పి చూశాడు. గుండ్రంగానే ఉంది. తరువాత పళ్లెం బేరింగు. మోటారు తీగ విడదీసి, స్పీకరుకు మాత్రం కరెంటు ఉంచి, పళ్లేన్ని చూపుడు వేలితో తిప్పాడు. భజన పాడే ఆయన తాగి నడిచినట్టు పాట సాగుతూ, ఆగుతూ, మళ్లీ పరుగెడుతూ వచ్చింది. గుర్రు మాత్రం లేదు. కాబట్టి పళ్లెం మంచిదే.

ఇప్పుడు తిరగేసి చూడాలి. రబ్బరు చక్రాన్ని తీసేసి, మోటారుకు కరెంటు ఇచ్చాడు. మోటారు ఒక్కటే తిరుగుతోంది. పళ్లెం, దాని మీద రికార్డు కదలకుండా ఉన్నాయి. కదలని రికార్డు మీద సూది ఆనించాడు. పాట లేదు. గుర్రు ఉంది.

దొంగ దొరికాడు. కుమారస్వామి లేచి నీళ్లు తాగి వచ్చాడు.

కానీ చువ్వ ఆనించి చూస్తే లెక్క కుదరలేదు. మోటారు మీద పెడితే గుర్రు. పలకకు ఆ చివర పెట్టినా అంతే గుర్రు. సూది చెయ్యి మొదట్లో పెట్టినా తగ్గలేదు. పంపుల దగ్గర అలా ఉండదు. బేరింగు నుంచి దూరం జరిగే కొద్దీ చప్పుడు పలచబడుతుంది. ఎక్కడ చిక్కగా ఉంటే అక్కడ రోగం. ఇక్కడ మోటారులో పుట్టిన చప్పుడు పెట్టె నిండా సమానంగా తిరుగుతోంది. చెవి మోసం చేస్తోందేమోనని ఎడమ చెవికి మార్చి చూశాడు. అదీ అదే చెప్పింది.

మర్నాడు మోటారు విప్పాడు. బుష్‌లలో పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. కిరసనాయిలుతో కడిగి, కుట్టు మిషను నూనె రెండు చుక్కలు వేసి మళ్లీ కూర్చాడు. ఇరుసు వేలితో ఒక్క తోపు తోస్తే చాలాసేపు తిరిగి ఆగింది. సూది ఆనించి చూస్తే గుర్రు కొంచెం తగ్గింది. పోలేదు.

అప్పుడు బోల్టుల మీదికి చూపు పోయింది. మోటారును పలకకు పట్టి ఉంచే బోల్టులు మూడు. ఒక్కో దానికి ఇనుప వాషర్లు, వాటి మీద ఒక నట్టు, అది వదులు కాకుండా మీద ఇంకో నట్టు. పని తెలిసిన చెయ్యి బిగించినవి. పలకలో రంధ్రాలు మాత్రం బోల్టుల కన్నా బాగా పెద్దవి. వాటి అంచులకు నల్లటి పెళ్లలేవో అంటుకుని ఉంటే మురికనుకుని గుడ్డతో తుడిచేశాడు. బాయిలో ఏ పంపు వణికినా ముందు చేసే పని ఒక్కటే, పునాది బోల్టులకు పానా వేయడం. ఇక్కడా అదే చేశాడు. మూడింటినీ ఇంకాస్త లాగి బిగించి, ప్లగ్గు పెట్టాడు.

గుర్రు పెరిగింది. అనసూర్య గుమ్మంలోకి వచ్చింది.

"ఇంట్ల పిండిగిర్ని పెట్టినవా ఏంది?"

అతను బిగింపు చాలలేదనుకుని ఇంకో చుట్టు వేశాడు. ఇంకా పెరిగింది. ఆ పూట మిషను మీద గోనెసంచి కప్పి, ఎవరిదో టేబుల్ ఫ్యాను ముందేసుకున్నాడు. చెయ్యి ఫ్యాను మీద ఉంది గానీ మనసంతా గోనెసంచి కిందే ఉంది. నవనీతకు ఏం చెప్పాలో రెండు మూడు రకాలుగా అనుకున్నాడు. కంటికి ఆనడం లేదని చెప్పొచ్చు. వయసు మీద పడిందని చెప్పొచ్చు. చెవి సంగతి తప్ప ఏదైనా చెప్పొచ్చు.

మరుసటి రోజు పొద్దున సంచి తీశాడు. ఇరుసు ఏమైనా వంగిందా అన్నది ఒక్కటే మిగిలిన అనుమానం. మోటారును పలక నుంచి ఊడదీసి, బయట తిప్పి చూడాలనుకున్నాడు. బోల్టులు మూడూ తీసి, తీగలు అలాగే ఉంచి, మోటారును ఎడమ పిడికిట్లో పట్టుకుని స్విచ్చి వేశాడు. అది పట్టుకున్న పిట్టలాగా అరచేతిలో అదురుతోంది. ఇరుసు తిన్నగానే తిరుగుతోంది. అప్పుడు గమనించాడు. సూది నిన్నటి నుంచి కదలని రికార్డు మీదే ఉంది. స్పీకరులో ఏమీ లేదు.

స్పీకరు తీగ ఊడిందనుకుని సూదిని వేలితో మెల్లగా తట్టాడు. టప్‌మని పెద్దగా పలికింది. తీగ ఊడలేదు.

పిడికిట్లోని మోటారును తెచ్చి పలకకు ఆనించాడు. గుర్రు వచ్చింది. లేపాడు. పోయింది. మళ్లీ ఆనించాడు. పిల్లలు బుడగ నొక్కి నొక్కి చూసినట్టు చాలాసేపు అదే ఆట ఆడాడు. మోటారు మారలేదు, దాని అదురూ మారలేదు. ఇనుముకు తగిలితే చప్పుడవుతోంది, చేతికి తగిలితే కావడం లేదు.

మోటారు ఆపి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పంపు ఎన్నో గుర్రాల బలంతో నీళ్లు ఎత్తిపోస్తుంది. దాన్ని భూమికి కట్టేయకపోతే తన్నుకుని తన్నుకుని ఊడిపోతుంది. ఈ బుడ్డ మోటారుకు అంత బలం ఎక్కడిది? ఒక పళ్లేన్ని తిప్పితే చాలు దీనికి. పైగా అది తిరుగుతున్న సంగతి పక్కనున్న సూదికి తెలియకూడదు. రికార్డు గీతల్లోని వెంట్రుకంత వణుకును పట్టుకునే సూదికి, పలక మోసుకొచ్చే ఈ వణుకు లారీ అంత. అందుకే ఆ రంధ్రాలు పెద్దవి. వాటిలో రబ్బరు ఉండేది. తను మురికనుకుని తుడిచింది పొడి పొడి అయిపోయిన ఆ రబ్బరునే. మోటారు పలకకు బిగుసుకుని కాదు, రబ్బరు మీద ఊగుతూ బతకాలి. చువ్వ చెప్పిందీ అదే. చప్పుడు అన్ని చోట్లా ఒకేలా ఉందంటే దాన్ని ఆపే మెత్తదనం మధ్యలో ఎక్కడా లేదని. చెవి సరిగ్గానే విన్నది. తప్పు అర్థం చేసుకోవడంలో జరిగింది.

రబ్బరు ఎండిపోతే తీసి పారేసి, ఇనుప వాషర్లు వేసి, జంట నట్లు బిగించినది బుచ్చిరాములే అయి ఉండాలి. హాలేజీ ఇంజను మనిషి అంతకన్నా ఏం చేస్తాడు? కుమారస్వామికి నవ్వొచ్చింది గానీ, నిన్న అవే నట్ల మీద పానా వేసింది తనేనని గుర్తొచ్చి ఆగిపోయింది.

సైకిలు ట్యూబు ముక్కలు కత్తిరించి పెట్టి చూశాడు. గుర్రు సగమే తగ్గింది. ఇంకా మెత్తనిది కావాలి. వెనక వాకిట్లో పట్టీ తెగిన అనసూర్య హవాయి చెప్పు కనబడింది. దాని మడమ నొక్కి చూస్తే సరిగ్గా అరచెయ్యిలాగే మెత్తగా లోపలికి పోయింది. ఇనుప గొట్టం ముక్కతో బిళ్లలు కొట్టి, బోల్టుకు పలక పైనా కిందా చెరొకటి వేసి, నట్టును వేళ్లతో తిప్పి వదిలేశాడు. పానా ముట్టలేదు. చేతికి అది చాలా కష్టంగా ఉంది. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు అని వేళ్లు వాటంతట అవే లాగుతున్నాయి.

బిళ్లలు మందమై మోటారు కిందికి జారింది. రబ్బరు చక్రాన్ని తిరిగి పెడితే, వేగానికొకటిగా ఇరుసుకు చెక్కిన మెట్లలో సరైన దాని మీద అది ఆనక పాట ఈడ్చుకుంటూ వచ్చింది. కింది బిళ్లలు పలచగా కోసి, పై బిళ్లలు కాస్త మందంగా వేస్తే ఇరుసు పైకి లేచి అంటుకుంది. సూది దించాడు. పాట వచ్చింది. పాట కింద ఏమీ లేదు. చువ్వ ఆనించి కూడా విన్నాడు. పలక నిద్రపోతున్నట్టుంది.

ఆ సాయంత్రం బడి అయ్యాక నవనీత వచ్చింది. వెంట బుచ్చిరాములు కూడా వచ్చాడు. ఆయన కుర్చీలో కూర్చోకముందే డబ్బా మూతలో పోసి ఉన్న నట్లూ వాషర్లూ చూశాడు.

"గివి నావే గదా తమ్మీ. ఎందుకు తీసినవ్?"

"గవి ఉన్నందుకే ఆ గుర్రు వచ్చిందన్నా."

"బోల్టు బిగియ్యకుంటే మిషన్ నిలవడ్తదా? హాలేజీ ఇంజన్‌ను గట్లనే ఇడిసిపెడితే మనం బతుకుదుమా?"

"నేను సుత నీ లెక్కనే బిగిచ్చిన. ఇంకింత లొల్లి చేసింది," అన్నాడు కుమారస్వామి.

పళ్లెం తీసి, మోటారు ఇరుసును వేలితో కదిపి చూడమన్నాడు. బుచ్చిరాములు కదిపి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పాలపండ్ల లెక్క ఊగవట్టె. గిదేం పనయ్యా," అన్నాడు.

నవనీత రికార్డు వేసింది. ముగ్గురూ విన్నారు. బుచ్చిరాములు మెడ వంచి, గుర్రు కోసం వెతికి, దొరక్క తల పైకెత్తాడు. ఒప్పుకున్నట్టు గడ్డం గోక్కున్నాడు. నవనీత మాత్రం ఇంకేదో వింటోంది.

"బాపూ, ఈ పాటల కంచు తాళాలున్నయి. ఇన్ని రోజులు ఆ గుర్రుల మునిగిపోయినట్టున్నయ్."

"ఏం తాళాలే? డోలకు, హార్మోనీ, గంతే. కొన్నకాడికెల్లి ఇంటున్న నేను. తాళాల్లెవ్వు," అన్నాడాయన. కుమారస్వామి వైపు తిరిగాడు. "నువ్ చెప్పు తమ్మీ. ఉన్నయా?"

కుమారస్వామి స్పీకరు దగ్గరికి వంగాడు. డోలకు వినిపించింది. హార్మోనియం వినిపించింది. పాడే ఆయన గొంతులో జీర కూడా వినిపించింది. తాళాల కోసం ఆ మూడింటి మధ్యా వెతికాడు. ఖాళీ. లేవని ఒక్క మాట అంటే ఇద్దరు మగవాళ్ల మాట ఒకటవుతుంది. నవనీత చిన్నపిల్ల, తనకే అలా అనిపించిందేమో అనుకుని ఊరుకుంటుంది. పని బాగానే అయింది. పెట్టె వెళ్లిపోతుంది. దుకాణం ఉంటుంది.

గుమ్మంలో అనసూర్య బియ్యం చాట పట్టుకుని నిలబడి ఉంది. ఆమె తల సన్నగా ఊగుతోంది. డోలకు దెబ్బకు కాదు, ఇంకో దేనికో. అది చూశాడు.

"ఉన్నయా?" అని ఆమెను అడిగాడు.

"ఎందుకు లెవ్వు? గల్లు గల్లుమంటున్నయి గదా," అంది. ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో.

"ఆడోళ్లందరు ఒక్కటైండ్రు," అన్నాడు బుచ్చిరాములు.

"కాదన్నా. ఉన్నయి," అన్నాడు కుమారస్వామి. "నాకు ఇనవడ్తలెవ్వు. నీకు సుత ఇనవడ్తలెవ్వు."

పాట నడుస్తూనే ఉంది. చెప్పేశాక తనకు భయం వేస్తుందనుకున్నాడు గానీ, వేయలేదు. ఇంకేదో తొలుస్తోంది. చెవి పోతే దీపం తగ్గినట్టు మొత్తం ఒక్కసారే మసకబారుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాడు. అలా కాదన్నమాట. గుర్రును అందరికన్నా తనే బాగా విన్నాడు. పోయింది సన్న చప్పుళ్ల వైపు మాత్రమే. మిక్సీ ఆమె చెప్పిన కీచు కూడా ఆ వైపుదే అయి ఉంటుంది. ఆమె ఉన్నదే చెప్పింది. తను లేదని వాదించాడు.

సన్న చప్పుడు పని ఏదొచ్చినా ఇక ముందు నువ్వే ఇని చెప్పాలె అని అనసూర్యతో అన్నాడు.

"వంట నేనే, ఇప్పుడు ఇనుడు సుత నేనేనా?" అంది ఆమె.

కుమారస్వామి స్టూలు స్పీకరు ముందుకు జరుపుకున్నాడు. ఆ తాళాలు పాటలో ఎక్కడ పడుతున్నాయో తెలుసుకోవాలి. సూదిని మళ్లీ మొదటికి పెట్టమని, తాళం పడ్డప్పుడల్లా వేలు లేపమని నవనీతను అడిగాడు.

పాట మొదలైంది. అతను ఒక అరచెయ్యి స్పీకరు గుడ్డకు ఆనించి ఆమె వేలినే చూస్తున్నాడు. డోలకు దెబ్బ అరచేతికి తెలుస్తోంది. వేలు అప్పుడు లేవలేదు. దెబ్బకూ దెబ్బకూ నడుమ, ఏమీ లేదని అతను అనుకున్న చోట, లేచింది. మళ్లీ లేచింది. పాడే ఆయన ఊపిరి తీసుకుంటున్నాడనుకున్న చోట రెండుసార్లు వెంట వెంటనే లేచింది.

బుచ్చిరాములు మొదట గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. కొంతసేపటికి కుర్చీ ఇటు తిప్పుకుని, కూతురి వేలి మీదికి వంగాడు.

"గిన్నిసార్లా?" అన్నాడు.